నాన్న చుట్టిన మోటార్లు

మా నాన్న మోటారు వైండింగ్ మేస్త్రి. కాలిపోయిన కరెంటు మోటార్లు విప్పి, లోపల మాడిన రాగి తీగంతా తీసేసి, కొత్త తీగ చుట్టి మళ్లీ తిరిగేలా చేయడం ఆయన పని. నలభై ఏళ్లకు పైగా ఆ ఒక్క పనే చేశారు. దాని మీదే మమ్మల్ని ముగ్గురినీ చదివించారు, నానమ్మను చివరిదాకా చూసుకున్నారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. తెలిసినవాళ్లు ఎవరు కనపడినా "మేస్త్రి చాలా మంచివాడమ్మా" అంటారు. నిజమే. కానీ మంచివాడు అని ఊరుకుంటే ఆయన పనితనం ఎవరికీ తెలియకుండా పోతుంది. నాకు నాన్న గుర్తొచ్చేదే ఆ చేతులతో, ఆ పనితో. అందుకని పని గురించే ఎక్కువ రాస్తాను.

మోటారు లోపల స్టేటర్ అని ఒక ఇనుప వలయం ఉంటుంది. పలుచటి ఇనుప రేకులు వందలకొద్దీ పేర్చి బిగిస్తే అది తయారవుతుంది. దాని లోపలి అంచు చుట్టూ పొడవాటి గాడులుంటాయి. వాటినే స్లాట్లు అంటారు. పంపు మోటార్లలో ఎక్కువగా 24, 36 స్లాట్లవి నాన్న దగ్గరికి వచ్చేవి. రాగి తీగ కాయిళ్లను ఆ స్లాట్లలో కూర్చోబెట్టాలి. నడిమధ్య తిరిగే రోటర్‌కి బయటి నుంచి ఏ తీగా తగలదు. స్టేటర్‌లో కరెంటు పారితే తిరిగే అయస్కాంత క్షేత్రం పుడుతుంది, ఆ క్షేత్రం రోటర్‌ని తనతో పాటు లాక్కుపోతుంది. ఇదంతా నేను స్కూల్లో నేర్చుకోకముందే షాపులో నేల మీద కూర్చుని నేర్చుకున్నాను.

కాలిన మోటారు మూత తియ్యగానే నాన్న ముందు వాసన చూసేవారు. కరెంటు పక్క తీగకు పోకుండా రాగి తీగ మీద ఉండే పలుచటి పూతే ఎనామిల్. అది మాడితే ఒక ఘాటైన వాసన, ముక్కులో అలాగే ఉండిపోతుంది. ఆ తర్వాత టార్చిలైటు వేసి కాయిళ్ల రంగు చూసేవారు. దీన్ని ఆయన పోస్ట్‌మార్టం అనేవారు. తీసుకొచ్చిన మనిషిని పక్కనే నిలబెట్టుకుని చూపించేవారు. ఈ మోటార్లకు కరెంటు మూడు లైన్లలో వస్తుంది, కాయిళ్లు కూడా మూడు గుంపులుగా ఉంటాయి. ఒక్కో గుంపుని ఫేజు అంటారు. ఆ మూడింటినీ కలిపే పద్ధతులు రెండు, స్టార్, డెల్టా.

"చూడండి, ఇది స్టార్ కనెక్షన్. రెండు ఫేజుల కాయిళ్లు నల్లగా మాడాయి, మూడోది కొత్తదానిలా ఉంది. అంటే మీకు ఒక లైను రాలేదు. రెండు లైన్ల మీదే మోటారు లాగి లాగి కాలిపోయింది."

డెల్టా కనెక్షన్ అయితే కథ తిరగబడుతుంది. ఒక ఫేజు మాడుతుంది, మిగతా రెండూ బాగానే ఉంటాయి. కాయిళ్లన్నీ ఒకే తీరుగా నల్లబడితే ఓవర్‌లోడు, లేదంటే లో వోల్టేజి. వోల్టేజి తగ్గితే కరెంటు కూడా తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. మోటారు విషయంలో అలా కాదు. అదే బరువు లాగాలి కాబట్టి ఇంకా ఎక్కువ ఆంపియర్లు తీసుకుంటుంది, వేడెక్కుతుంది. ఎందుకు కాలిందో చెప్పకుండా చుట్టి ఇస్తే అది మళ్లీ కాలుతుందని ఆయన గట్టి నమ్మకం. స్టార్టర్‌లో కరెంటు ఎక్కువైతే మోటారుని ఆపేసే ఓవర్‌లోడ్ రిలే పదే పదే పడిపోతోందని దానికి పుల్ల అడ్డం పెట్టి నడిపేవాళ్లు ఉండేవారు. అలాంటి వాళ్లతో మాత్రం నాన్న గొంతు కాస్త పెరిగేది. "అది పడిపోతోంది అంటే మోటారుని కాపాడుతోందని. దాన్ని కట్టేస్తే ఎలా?" అనేవారు. మళ్లీ చుట్టడానికి వస్తే తనకే కదా డబ్బులు అన్న ఆలోచన ఆయనకు రాలేదు. వచ్చి ఉంటే ఆ మాటలన్నీ చెప్పి ఉండేవారు కాదు.

పోస్ట్‌మార్టం అయ్యాక డేటా పుస్తకం తీసేవారు. పాత తీగ తెంపకముందే రాసుకోవాలి. ఎన్ని హెచ్‌పీ, ఎన్ని స్లాట్లు, కాయిలు ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకి వెళ్తోంది, కాయిలుకి ఎన్ని చుట్లు, తీగ ఏ గేజు, లోపల కనెక్షన్ ఎలా ఇచ్చారు, అన్నీ. చుట్ల లెక్క తప్పకూడదు. చుట్లు తగ్గితే మోటారు ఖాళీగా తిరిగేటప్పుడే ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. పెరిగితే బలం తగ్గి లోడు మీద లాగలేదు. తీగ మందం కొలవాలంటే కొసన ఎనామిల్‌ని మంట మీద కాల్చి, గుడ్డతో తుడిచి, ఉత్త రాగిని మైక్రోమీటర్‌లో పెట్టి చూడాలి. 22 గేజ్ అంటే 0.711 మిల్లీమీటర్లు, 20 గేజ్ అంటే 0.914. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. నాన్న బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీగ దొర్లించి ముందు నంబరు చెప్పి, తర్వాత మైక్రోమీటర్ పెట్టేవారు. ఆయన చెప్పిందే వచ్చేది. అయినా కొలవకుండా ఎప్పుడూ రాయలేదు.

పాత తీగ తీయడం మోటు పని. దాన్ని ఎలా చేస్తారన్నదాన్ని బట్టే మేస్త్రి ఎలాంటివాడో తెలిసిపోతుందని నా అభిప్రాయం. తొందరగా కావాలంటే స్టేటర్ మొత్తాన్ని మంటలో పడేస్తే తీగలను పట్టి ఉంచే వార్నిష్ కాలిపోయి తీగ వదులుగా వచ్చేస్తుంది. నాన్న అలా చేసేవారు కాదు. ఇనుప రేకుల మధ్య ఒకదానికొకటి తగలకుండా పలుచటి పూత ఉంటుంది. ఎక్కువ కాలిస్తే అది పాడవుతుంది. అప్పుడు ఎంత బాగా చుట్టినా మోటారు ముందుకంటే వేడిగా తిరుగుతుంది, కరెంటు వృథా అవుతుంది. బయటికి ఏమీ కనపడదు. ఎవరూ కనిపెట్టలేరు కూడా. ఆయన ఒక పక్క కాయిళ్ల తలలు ఉలితో కోసేసి, వార్నిష్ మెత్తబడేంత వరకే వేడి చూపించి, రెండో పక్క నుంచి కటింగ్ ప్లయర్‌తో ఒక్కో గుత్తీ లాగేవారు. పెద్ద మోటారు అయితే పూటంతా పట్టేది. ఆ చేతుల మీద కాలిన మచ్చలు, రాగి కోతలు ఎప్పుడూ ఉండేవి. వచ్చిన పాత రాగిని తూకం వేసి, ఎవరి మోటారుదో వాళ్లకే అప్పగించేవారు.

కొత్త తీగ ఎక్కించేటప్పుడు ఆయన్ని చూడాలి. ముందు స్లాటు స్లాటుకీ ఇన్సులేషన్ పేపరు మడిచి పెడతారు. ఆ పేపర్లు మా ఇంట్లోనే తయారయ్యేవి. సాయంత్రాలు అమ్మ కొలత పెట్టి కత్తిరించేది, అంచులు మడిచే పని మాది. మడత ఒక్క పిసరు తేడా వచ్చినా స్లాటు బయటికి జారి తీగ ఇనుముకి తగులుతుంది. అందుకని అమ్మ మడిచినవన్నీ ఒకసారి లెక్కపెట్టి, వంకర ఉన్నవి పక్కన పడేసేది. కాయిలుని స్లాటు మీద పెట్టి, తీగలను నాలుగేసి చొప్పున వేళ్లతో విడదీసి లోపలికి దువ్వినట్టుగా దింపేవారు నాన్న. లోపలికి నొక్కడానికి వెదురు పుల్ల వాడేవారు. దాన్ని ఆయనే చెక్కి, గాజు పెంకుతో గీకి, నూనె రాసి నునుపు చేసుకున్నారు. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే పని త్వరగా అవుతుంది గానీ ఎనామిల్ గీసుకుపోతుంది. ఆ గీత కంటికి ఆనదు. రెండు తీగలు గీసుకున్న చోట తగిలితే ఆరు నెలలకో ఏడాదికో అక్కడే షార్ట్ అవుతుంది. ఆ వెదురు పుల్ల ఇప్పుడు మా తమ్ముడి దగ్గరుంది.

కాయిళ్లు చుట్టేది చేత్తో తిప్పే మిషను మీద. చుట్లు మనసులో లెక్కపెట్టుకోవాలి. లెక్క మధ్యలో ఎవరైనా పలకరిస్తే మొత్తం పోతుంది. షాపులో కుర్రాళ్లకు ఇది బాగా తెలుసు, నాన్న పెదాలు కదులుతుంటే ఎవరూ మాట్లాడేవారు కాదు. మాకు మాత్రం ఆ నియమం లేదు. స్కూలు నుంచి నేరుగా షాపుకి పరిగెత్తేవాళ్లం, వస్తూనే "నాన్నా!" అని అరిచేవాళ్లం. ఆయన చెయ్యి ఆపి, బల్ల మీద సుద్దముక్కతో ఆ నంబరు రాసి, అప్పుడు మా వైపు తిరిగేవారు. "చెప్పమ్మా" అనేవారు. చెప్పాల్సింది పెన్సిలు పోయిందన్న సంగతైనా సరే, పూర్తిగా వినేవారు. తర్వాత సుద్ద నంబరు చూసుకుని మళ్లీ మొదలుపెట్టేవారు. ఆ బల్ల నిండా సగంలో ఆగిన లెక్కలే. నాకు పెళ్లై పిల్లలు పుట్టాక, చేతిలో పని ఉండగా వాళ్లు పిలిస్తే ఎంత చిరాకు వస్తుందో తెలిసింది. నాన్న ఒక్కసారి కూడా "ఇప్పుడు కాదు పో" అనకుండా ఎలా ఉండగలిగారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఐదో ఎక్కం నాకు బేరింగులతో నేర్పారు. బేరింగు నంబరులో చివరి రెండు అంకెలను ఐదుతో హెచ్చిస్తే లోపలి బొక్క ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. 6204 అయితే 20, 6205 అయితే 25, 6206 అయితే 30. (04 నుంచి పైకే ఈ లెక్క, కింద నంబర్లకు వేరే.) పాత బేరింగులు నేల మీద వరసగా పేర్చి నంబర్లు చదివించేవారు. నేను కొలత చెప్పేదాన్ని, ఆయన స్కేలు పెట్టి సరిచూసేవారు. ఎక్కాలంటే భయం ఉన్న పిల్లని అలా దారిలో పెట్టారు.

ఆయన చదివింది పదో తరగతి వరకే. నేను ఇంటర్లో ఉన్నప్పుడు ఒకరోజు ఫిజిక్స్ పాఠం పైకి చదువుతున్నాను. 1831లో ఫారడే ఒక ఇనుప కడియానికి రెండు వైపులా రాగి తీగ చుట్టి విద్యుత్ ప్రేరణ కనిపెట్టాడని, తీగ తీగకు తగలకుండా మధ్యలో గుడ్డ, దారం వాడాడని మా లెక్చరర్ చెప్పి ఉన్నారు. అది నేను చెప్పగానే నాన్న పేపరు మడత పక్కన పెట్టేశారు. "అప్పటికి ఎనామిల్ వైరు లేదు కదా. గుడ్డ పెట్టి చుట్టాడన్నమాట. ఎన్ని రోజులు పట్టి ఉంటుందో!" అన్నారు. తర్వాత టెస్లా గురించి చదివాను. ఇండక్షన్ మోటారు మీద ఆయనకు 1888లో పేటెంట్లు వచ్చాయని, అదే సమయంలో ఇటలీలో ఫెరారిస్ కూడా సొంతంగా అదే సూత్రం కనిపెట్టాడని. నాన్న ఆ ఇద్దరి పేర్లూ డేటా పుస్తకం అట్ట లోపలి వైపు రాసుకున్నారు. ఇన్నాళ్లూ తాను చుట్టిన మోటారు మొదట ఎవరి బుర్రలో పుట్టిందో తెలిసినందుకు ఆయన కళ్లలో కనపడిన సంతోషం నేను మర్చిపోలేను. నేను ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ తీసుకోవడానికి ఆ సాయంత్రమే కారణం.

ఎండాకాలం వస్తే పని రెట్టింపయ్యేది. నీళ్లు కిందికి పోతాయి, వోల్టేజి పడిపోతుంది, మోటార్లు ఒకదాని వెనక ఒకటి కాలిపోతాయి. షాపు ముందు జాగా చాలేది కాదు. ఆ రోజుల్లో కూడా ఆయన రాత్రి ఎనిమిదికి ఇంటికి వచ్చేవారు. మా చదువు దగ్గర గంటసేపు కూర్చుని, నానమ్మ కాళ్లు పట్టి, అందరం పడుకున్నాక మళ్లీ షాపుకి వెళ్లేవారు. తెల్లారి లేచేసరికి వరండాలో ఆయన చొక్కా దులుపుతూ అమ్మ కనిపించేది. తీగ ముక్కలు బట్టల్లో ఇరుక్కుంటే ఉతికేటప్పుడు చేతికి గుచ్చుకుంటాయి.

ఒకసారి రాత్రిపూట ఒక రైతు వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నాడు. "మేస్త్రీ, రేపటికి నీళ్లు పెట్టకపోతే చేను పోతుంది. వార్నిష్ ఆరకపోయినా ఫర్వాలేదు, ఇచ్చేయ్." వార్నిష్ అనేది పైపై మెరుగు కాదు. తీగల మధ్య సందుల్లోకి దిగి గట్టిపడి అన్నింటినీ ఒకటిగా పట్టి ఉంచుతుంది, చెమ్మ చేరకుండా చూస్తుంది. అది లేకపోతే తిరిగేటప్పుడు వచ్చే అదురుకి తీగలు ఒకదానికొకటి రాసుకుని ఎనామిల్ అరిగిపోతుంది. నాన్న ఒప్పుకోలేదు. లోపలికి వెళ్లి తన సొంత మోటారు ఒకటి బయటికి ఈడ్చుకొచ్చారు. "ఇది తీసుకెళ్లి నీళ్లు పెట్టుకో. నీది ఎల్లుండి ఇస్తాను. పచ్చిగా ఉన్నది మాత్రం ఇవ్వనయ్యా" అన్నారు. ఇలా అప్పిచ్చి పంపడానికే పాత మోటార్లు కొని, చుట్టి, సిద్ధంగా ఉంచుకునేవారు. వాటిలో తిరిగి రానివీ ఉన్నాయి. ఆ సంగతి అమ్మ ఎత్తితే ఆయన మాట మార్చేసేవారు.

నానమ్మ మంచం పట్టిన రోజుల్లో గదిలో ఫ్యాను టకటకమంటోందని ఆమెకు నిద్ర పట్టేది కాదు. నాన్న షాపు నుంచి వచ్చి, ఆ రాత్రే ఫ్యాను దింపి విప్పారు. బేరింగులు మార్చారు, కెపాసిటర్ బలహీనపడిందని కొత్తది, 2.5 మైక్రోఫారడ్‌ది వేశారు. పైకి ఎక్కించాక నిచ్చెన మీదే నిలబడి పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఫ్యాను కప్పుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. షాపులో మోటారు బేరింగుని కూడా అలాగే వినేవారు. ఏదో నచ్చలేదు, మళ్లీ దింపారు. మేం నిద్రపోయాం. తెల్లారి చూస్తే ఫ్యాను నిశ్శబ్దంగా తిరుగుతోంది, నానమ్మ నిద్రపోతోంది, నాన్న ఆ మంచం పక్కనే నేల మీద నిద్రపోతున్నారు.

అమ్మకి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక కుట్టుమిషను తొక్కడం కష్టమైంది. కుట్టడం మానెయ్యమని అందరం అన్నాం. నాన్న మాత్రం అలా అనలేదు. మిషనుకి చిన్న మోటారు బిగించి, కాలితో మెల్లగా నొక్కితే చాలేలా చేసిచ్చారు. ఆ మోటార్లలో కార్బన్ బ్రష్షులు అరిగిపోతుంటాయి. అరిగి ఆగిపోయేదాకా చూడకుండా, ముందే మార్చేవారు. ఏ నెలలో మార్చారో డేటా పుస్తకం వెనక పేజీల్లో ఉంది. ఆ వెనక పేజీలు మొత్తం మా ఇంటివే. అమ్మ కళ్లద్దాల పవరు, మా ఫీజుల ఆఖరు తేదీలు, తమ్ముడికి టైఫాయిడ్ వచ్చినప్పుడు పూటపూటకీ చూసిన జ్వరం, చెల్లి ఎత్తు. ముందు వైపు మోటార్లకు ఎంత శ్రద్ధగా గీతలు కొట్టి రాశారో, ఇవీ అలాగే రాశారు.

ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. కొత్తగా వచ్చినవాణ్ణి మొదట మెగ్గర్ పట్టడం నేర్పి కూర్చోబెట్టేవారు. అయిదు వందల వోల్టుల మెగ్గర్‌తో కాయిలుకీ బాడీకీ మధ్య ఇన్సులేషన్ ఎన్ని మెగోములుందో చూడాలి. వార్నిష్ పోయకముందు ఒకసారి, ఆరాక ఒకసారి. "షాక్ కొట్టే మోటారు ఇచ్చామంటే నీళ్లలో నిలబడి స్విచ్ వేసే మనిషి ప్రాణం తీసినట్టే" అని ప్రతివాడికీ చెప్పేవారు. ఎర్త్ వైరు బిగించమని చెప్పకుండా ఏ మోటారునీ షాపు గుమ్మం దాటనిచ్చేవారు కాదు.

చివరి నాలుగైదేళ్లలో చూపు తగ్గింది. శుక్లాలు తీయించాక కొంత మెరుగైంది గానీ సన్న తీగ మీద కన్ను నిలవడం లేదని ఆయనే పని తగ్గించుకున్నారు. షాపు పెద్ద శిష్యుడికి అప్పగించి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. చిన్న మోటార్లు చుట్టించడం కన్నా కొత్తది కొనడమే నయం అనే కాలం వచ్చింది. ఆయనకు అది బాధే. లోపలి ఇనుప రేకుల కోర్ బాగున్న మోటారుని తుక్కులో వేస్తే ఊరుకోలేకపోయేవారు. ఓ తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. అంతకు ముందు రోజు సాయంత్రం కూడా షాపుకి వెళ్లొచ్చారు.

డేటా పుస్తకాలు ఇంట్లోనే ఉన్నాయి. తమ్ముడు వాటి పేజీలు ఫోన్లో ఫొటోలు తీస్తున్నాడు, ఇంకా సగం కూడా కాలేదు. పోయిన నెల ఎక్కడో దూరం నుంచి ఒక మేస్త్రి ఫోన్ చేశాడు. ఇప్పుడు తయారవని పాత కంపెనీ మోటారట, అయిదు హెచ్‌పీ. ఎవరో సగం తీగ పీకేసి వదిలేశారు, లెక్క దొరకడం లేదు, మీ నాన్నగారి పుస్తకంలో ఉండొచ్చని శిష్యుడు చెప్పాడట. వెతికితే దొరికింది. నాన్న చేతిరాత అమ్మ చదివినంత సులువుగా మేం చదవలేం. ఆమే ఫోన్ తీసుకుని 36 స్లాట్లు, పిచ్ 1 నుంచి 9 అంటూ మొదలుపెట్టి, చుట్లు, గేజు, కనెక్షన్ అన్నీ ఒక్కొక్కటే చదివి, ఆ మేస్త్రితో తిరిగి చెప్పించుకుంది. నాలుగు రోజులకు మళ్లీ ఫోన్ వచ్చింది, మోటారు బాగా తిరుగుతోందని.

"ఖాళీగా చూశారా, లోడు మీద చూశారా?" అని అడిగింది అమ్మ.

"లోడు మీదేనమ్మా. ఏడు ఆంపియర్లు తీసుకుంటోంది."

"అయితే సరిగ్గానే ఉంది" అని, ఎర్త్ వైరు కూడా బిగించమని చెప్పి పెట్టేసింది.